తడవని వర్షమాపకం

జూలై పద్నాలుగో తేదీ ఉదయం ఎనిమిదిన్నరకు సీతన్నపేట మండలంలో నమోదైన వర్షపాతం 0.0 మిల్లీమీటర్లు. ఆ అంకెను రిజిస్టరులో రాసిన మండల గణాంక అధికారి హైమవతి కుడిచేత్తో పెన్ను, ఎడమచేత్తో గొడుగు పట్టుకొని ఉన్నారు. ముందురోజు సాయంత్రం నాలుగింటికి మొదలైన వాన అప్పటికి ఆగలేదు.

వర్షమాపకంలో లోపం లేదు. జూన్‌లో కొన్నది. దానికి లోపం రాకూడదనే పైన కప్పు వేశారు.

కప్పు వేయమన్నది రాష్ట్ర కార్యాలయం. జూన్ మొదటి వారంలో సర్క్యులర్ వచ్చింది. "ఎండకు ఎండి, వానకు తడిసి ప్రభుత్వ శాస్త్రీయ పరికరములు శిథిలమగుచున్నవని ఆడిట్ వారు ఆక్షేపించియున్నందున, సదరు పరికరములన్నింటిని నెల రోజులలోగా పైకప్పు కిందకు చేర్చి, ఫొటోలు యాప్‌లో అప్‌లోడ్ చేయవలెను" అని అందులో ఉంది. వెనక నలభై ఒక్క పరికరాల జాబితా జతచేశారు. సూక్ష్మదర్శిని, తూకం యంత్రం, సర్వే గొలుసు అందులో ఉన్నాయి. ఇరవై తొమ్మిదో వరుసలో వర్షమాపకం ఉంది. యాప్‌లో ఒక్కో పరికరానికి నాలుగు ప్రశ్నలు. మూడోది: "పరికరం తడవకుండా ఉన్నదా?" అవును అంటే పది మార్కులు. కాదు అంటే సున్నా, ఒక మెమో.

హైమవతి సర్క్యులర్ పట్టుకొని తహసీల్దార్ చక్రధరరావు గదిలోకి వెళ్లారు.

"వర్షమాపకం తడవాలి కదండీ" అన్నారు.

"ఎందుకు తడవాలి?"

"వాన కొలవాలి కదా సార్."

"కొలవొద్దని ఎవరన్నారు? రోజూ ఎనిమిదిన్నరకు కొలవండి. తడవకుండా కొలవండి."

"లోపల నీళ్లు పడకపోతే ఏం కొలుస్తాం?"

చక్రధరరావు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "హైమవతి గారూ, ఈ సర్క్యులర్‌లో కొలత గురించి ఎక్కడైనా ఉందా? రక్షణ గురించి ఉంది. రక్షణ మన బాధ్యత. పడటం, పడకపోవడం వాన బాధ్యత. మనది మనం చేద్దాం."

జూలై అయిదో తేదీకి, ఆ ఏడు తొలి వాన పడకముందే, షెడ్డు పూర్తయింది. నాలుగు ఇనుప స్తంభాలు, పైన రేకులు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. మండల కార్యాలయం ఎదుట టీ కొట్టులో కూర్చున్నవాళ్లు ఆ పని రెండు రోజులు చూశారు. ఆ వర్షమాపకాన్ని ఊళ్లో వానడబ్బా అంటారు.

"ఏటండి మేడమ్, వానడబ్బాకి ఇల్లు కట్టీసినారు. గృహప్రవేశం ఎప్పుడు?" అని ఒకాయన అడిగాడు.

"మనకి మంజూరు కానిది దానికైనా అయినాది, ఊరుకోరా" అన్నాడు పక్కనున్నవాడు.

జూలై ఇరవయ్యో తేదీన గాలివాన వచ్చింది. జల్లు పక్కల నుంచి కొట్టింది. మర్నాడు రీడింగ్ 0.4 మిల్లీమీటర్లు. హైమవతి ఆ అంకె పంపిన గంటలోపు జిల్లా కార్యాలయం నుంచి మెమో వచ్చింది. పరికరం తడవకుండా ఉన్నదని ధ్రువీకరించి, తడిసినట్లు రీడింగ్ పంపడం పరస్పర విరుద్ధమని అందులో రాశారు. 0.4ను సాంకేతిక తడిగా పరిగణించి రికార్డు నుంచి తొలగించారు. వారంలోగా షెడ్డుకు మూడు వైపులా గోడ లేచింది. నాలుగో వైపు గ్రిల్ తలుపు, తాళం.

ఆగస్టు తొమ్మిదిన జిల్లా స్థాయి టెలీకాన్ఫరెన్స్ జరిగింది. ముప్పై ఎనిమిది మండలాల అధికారులు ఫోన్ల దగ్గర కూర్చున్నారు. జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి వర్షమాపకాల రక్షణ ర్యాంకులు చదివారు. సీతన్నపేటకు నలభైకి నలభై. మొదటి ర్యాంకు.

"మిగతా మండలాల వారు వినండి" అన్నారాయన. "వారి పరికరం ముప్పై ఆరు రోజులుగా పూర్తిగా పొడిగా ఉంది. సర్వీసులో ఇంత నికరమైన డేటా నేను చూడలేదు. ఒక రోజు 40, ఒక రోజు 7, ఒక రోజు 112 అని పంపే మండలాలు ఆత్మవిమర్శ చేసుకోవాలి. నిలకడ అనేది ఉండాలి."

"సార్, మా దగ్గర వానలు పడుతున్నాయి సార్" అని ఒక గొంతు వినిపించింది.

"వారి దగ్గర పడట్లేదా? పక్క పక్క మండలాలే కదా? వాళ్లకి చేతనైంది మీకెందుకు చేతకాదు?"

ఆ వారంలో పదకొండు మండలాల సిబ్బంది సీతన్నపేట వచ్చి షెడ్డు చూసి వెళ్లారు. ఇద్దరు కొలతలు రాసుకున్నారు. చూడవచ్చేవారి కోసం షెడ్డు నేలకు టైల్స్ వేశారు. వర్షమాపకానికి ఎదురుగా సీసీ కెమెరా బిగించి జిల్లా కంట్రోల్ రూముకు కలిపారు. గ్రిల్ తలుపుకు బోర్డు తగిలించారు: తడి చేతులతో తాకరాదు.

ఆగస్టు ముప్పైన ప్రభుత్వం కరువు మండలాల జాబితా ప్రకటించింది. సాధారణ వర్షపాతం కంటే నూరు శాతం తక్కువ నమోదైన మండలం రాష్ట్రంలో ఒకటే ఉంది.

సెప్టెంబరు ఆరున కరువు పరిశీలన బృందం వచ్చింది. అయిదుగురు అధికారులు, ఒక శాస్త్రవేత్త, మూడు కార్లు. దారిలోని గెడ్డ, అంటే వాగు, పొంగి రోడ్డుమీద పారుతోంది. కార్లు అవతలే ఆపి ట్రాక్టర్ ట్రక్కులో దాటారు. బృందం వెంట తెచ్చిన తాగునీటి ట్యాంకర్ గెడ్డలోకి దిగి ఒరిగింది. పైమూత ఊడి గెడ్డ నీరు లోపలికి చేరింది. జేసీబీ పెట్టి లాగారు. ట్యాంకర్ వచ్చినప్పటికంటే నిండుగా తిరిగి వెళ్లింది.

శాస్త్రవేత్త పేరు డాక్టర్ కామేశం. రెయిన్‌కోటు వేసుకొని గట్టుమీద నిలబడి గొర్లె సూరమ్మ రెండెకరాల మడిని పరిశీలించారు.

"పంట కనిపించడం లేదు" అన్నారు.

"నీళ్లడుగున ఉన్నాది బాబూ. పదారు రోజులైపోనాది" అంది సూరమ్మ.

"నీటి ఎద్దడి వల్ల పంట కనిపించడం లేదు. నూరు శాతం నష్టం" అని ఆయన పక్కనున్న అధికారికి చెప్పారు. ఆ అధికారి రాయబోయారు. కాగితం తడిసి పెన్ను సాగలేదు. రెండో పెన్ను తీశారు.

"ఎద్దడేటి బాబూ? మడి సెరువైపోతే!"

"అమ్మా, ఈ నీరు ఎక్కడిది?"

"ఏటలగ అడుగుతారు? పైనుంచి పడినాది."

"పైనుంచి పడితే దానికి రీడింగ్ ఉండాలి. మీ మండలంలో రీడింగ్ లేదు. రీడింగ్ లేని నీటిని శాస్త్రం వాన అనదు. మూలం నిర్ధారణ కాని నీరు అంటాం."

సూరమ్మ చీర కొంగు పిండుకుంది. "ఐతే ఆ ముక్క మా వరికి సెప్పండి బాబూ. అది మునిగిపోనానని అనుకుంటన్నాది."

బృందం మధ్యాహ్నానికి పరిశీలన ముగించింది. తక్కువ నీటితో పండే రాగులు, కొర్రలు వేసుకోవాలని రైతులకు సూచించింది. సూచనలున్న కరపత్రాలు పంచింది. బృందం గెడ్డ దాటేసరికి రైతుల చేతుల్లోని కరపత్రాలు ముద్దయ్యాయి.

బృందం చేసిన సిఫార్సుల్లో ఒకటి వెంటనే అమలైంది. కరువు మండలంలో చుక్క నీరు బయటికి పోరాదు కనుక, బొంతలవలస చెరువు మిగులు నీటి గేట్లు ఎవరూ ఎత్తకుండా చూడాలన్నది ఆ సిఫార్సు.

ఆ చెరువుకు గేట్లు రెండు. చెరువు నిండితే గేట్లెత్తి మిగులు నీటిని గెడ్డలోకి వదులుతారు. గేటెత్తడానికి మూరెడు పొడవున్న ఇనుప హ్యాండిల్ ఒకటి ఉంటుంది. దాన్ని గేటు పైనున్న చక్రానికి తగిలించి తిప్పాలి. హ్యాండిల్ లస్కరు దగ్గర ఉంటుంది. గేట్లు చూసుకునే ఉద్యోగిని లస్కరు అంటారు. ఆ చెరువు లస్కరు లెంక అసిరయ్య. ఇరవై రెండేళ్లుగా ఆ హ్యాండిల్ అతని ఇంట్లో, తలుపు వెనక మేకుకు వేలాడేది. సెప్టెంబరు ఎనిమిదిన రెవెన్యూ సిబ్బంది వచ్చి రసీదు ఇచ్చి తీసుకెళ్లారు. చక్రధరరావు దాన్ని గుడ్డలో చుట్టించి, లక్క సీలు వేయించి, తన గదిలోని బీరువాలో పెట్టించారు.

సీలు విప్పడానికి నిబంధన ఉంది. ఇరవై నాలుగు గంటల్లో అరవై అయిదు మిల్లీమీటర్లకు మించి వాన పడినట్లు మండల వర్షమాపకం చూపాలి. ఆ అంకె యాప్‌లో ఎక్కాలి. అప్పుడు జిల్లా నుంచి అనుమతి దానంతటదే వస్తుంది.

సెప్టెంబరు పందొమ్మిది ఉదయం ఏడున్నరకు అసిరయ్య మండల కార్యాలయానికి వచ్చాడు. హైమవతి అప్పుడే బస్సు దిగారు. అతను గోనెసంచి మడిచి తలమీద వేసుకున్నాడు. మోకాళ్ల వరకు బురద.

"మేడమ్, నీరు గట్టు అంచుకి మూరెడు కిందుంది. రేతిరికీ తెల్లారికీ రెండడుగులు ఎక్కీసింది" అన్నాడు.

"తహసీల్దార్ గారికి చెప్పారా?"

"మూడుపాలి సెప్పినాను. రీడింగ్ పట్రమ్మంటన్నారు. ఇది ఒట్టి ఎక్కడం కాదమ్మా. గట్టు అడుగున ఊట కట్టింది. నిన్న వేలంత. ఇయ్యాల సేతి మందం వత్తంది. ఆ గట్టు ఆగదు."

గట్టు కింద బొంతలవలస. నూట పన్నెండు గడపలు. వాటిలో చెరువు వైపు నుంచి నాలుగోది అసిరయ్యది.

"మీవాళ్లని పైకి పంపించలేదా?"

"ఎక్కడికి పంపనమ్మా? గెడ్డ దాటితేనే గాని రోడ్డు లేదు. పెద్దపిల్ల పురిటికొచ్చి ఉంది. కానుపై తొమ్మిదో రోజు. గెడ్డలోకి దించితే ఆ బిడ్డ గతేటి?"

ఇద్దరూ చక్రధరరావు గదిలోకి వెళ్లారు. గది కప్పు కారుతోంది. ఆయన కుర్చీ గోడవైపు జరుపుకొని కూర్చున్నారు. బల్లమీద బక్కెట్టు పెట్టి ఉంది.

"అసిరయ్యా, నీ ఆందోళన నేను అర్థం చేసుకోగలను" అన్నారు. "కాని కరువు మండలంలో నీరు వదిలితే రేపు నన్ను అడుగుతారు. ఏ ఆధారంతో వదిలావు అని అడుగుతారు. నాకు ఆధారం కావాలి."

"ఆధారం మీ బల్లమీద బక్కెట్లో ఉన్నాది బాబూ."

"అది లీకేజీ. భవనాల విభాగం కిందకు వస్తుంది."

హైమవతి జిల్లా ముఖ్య ప్రణాళికాధికారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. గట్టు సంగతి, ఊట సంగతి చెప్పారు. అవతలి నుంచి కూడా వాన చప్పుడు వినిపిస్తోంది.

"అమ్మా, మీ మండలం స్క్రీన్ మీద నా ఎదురుగా ఉంది. రెండు నెలలకు పైగా సున్నా" అన్నారాయన. "సున్నా పడిన చోట చెరువు ఎలా నిండుతుంది? మీరే చెప్పండి. మీరు గణాంకాల మనిషి."

"పైన షెడ్డు ఉంది సార్. లోపలికి నీళ్లు పోవు."

"షెడ్డు జిల్లాకే తలమానికం. దాని గురించి ఇప్పుడెందుకు? అరవై అయిదు చూపించండి, నిమిషంలో అనుమతి వస్తుంది. నా చేతిలో ఏం లేదు. అంతా సిస్టమ్." ఆయన వెంటనే "ఉండండి, కిటికీలోంచి జల్లు కొడుతోంది" అని ఫోన్ పెట్టేశారు.

అసిరయ్య గోడకు ఆనుకున్నాడు. హైమవతి అతన్ని వెంటబెట్టుకొని కార్యాలయం వెనక్కి నడిచారు.

అక్కడ చేతిపంపు పక్కన పాత వర్షమాపకం ఉంది. తుప్పు పట్టిందని జూన్‌లో రికార్డు నుంచి కొట్టేసి, వేలం వేసేదాకా అక్కడ ఉంచారు. దానిపైన కప్పు లేదు. దాని గరాటా, కొత్తదాని గరాటా ఒకే కొలత. హైమవతి జూలై నుంచి రోజూ ఉదయం దాన్నీ కొలిచి, నీళ్లు పారబోస్తున్నారు. ఆ అంకెలు ఆమె ఎవరికీ పంపలేదు. పంపడానికి యాప్‌లో గడి లేదు.

ఆమె సీసా బయటికి తీసి కొలపాత్రలోకి వంచారు. 118.4 మిల్లీమీటర్లు. నీళ్లు రెండు లీటర్ల మూడువందల అరవై ఎనిమిది మిల్లీలీటర్లు.

"అసిరయ్యా, గొడుగు పట్టుకోండి. ఇందులో బొట్టు ఎక్కువ పడకూడదు, బొట్టు తక్కువ కాకూడదు."

"ఏటి సేత్తారమ్మా?"

"ఈ నీళ్లు పడాల్సిన చోట పోస్తాను."

అసిరయ్యకు అర్థమైంది. "కెమేరా ఉన్నాది మేడమ్."

"తెలుసు."

"ఉద్యోగం పోతాది. మీకేటి పట్టిందమ్మా, మా ఊరికోసం?"

"ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో తప్పు అంకె రాయలేదండీ. ఈ రెండున్నర నెలల్లో అరవై రాశాను. నడవండి."

షెడ్డు దగ్గర ఆమె బోర్డు చూసి చేతులు కొంగుకు తుడుచుకున్నారు. తాళం తీశారు. కెమెరాకు ఎదురుగా నిలబడి, కొత్త వర్షమాపకం గరాటాలో కొలిచిన నీళ్లన్నీ పోశారు. గరాటా అంచు మీద నిలిచిన చుక్కల్ని వేలితో లోపలికి తోశారు. ఎనిమిదిన్నర దాకా ఆగారు. నిబంధన ప్రకారం రీడింగ్ తీశారు. 118.4. రిజిస్టరులో రాసి యాప్‌లో ఎక్కించారు.

ఎనిమిది గంటల నలభై ఒక్క నిమిషాలకు అనుమతి వచ్చింది. చక్రధరరావు ఫోన్‌లో దాన్ని రెండుసార్లు చదివారు. సీలు విప్పించి, హ్యాండిల్ అప్పగించినట్లు అసిరయ్య దగ్గర సంతకం తీసుకున్నారు.

"చూశావా? సిస్టమ్ పనిచేస్తుంది. మీరే తొందరపడతారు" అన్నారు.

అసిరయ్య తొమ్మిదింబావుకు చెరువు చేరాడు. మొదటి గేటు పూర్తిగా ఎత్తేసరికి తొమ్మిది నలభై. గట్టుమీద ఊరి జనం నిలబడి చూస్తున్నారు. రెండో గేటు సగానికి వచ్చేసరికి ఫోన్ మోగింది. చక్రధరరావు.

"అసిరయ్యా, ఆపు. గేట్లు మూసెయ్."

"ఏటి బాబూ? వినబడ్నేదు."

"మూసెయ్యమంటున్నాను! కంట్రోల్ రూమ్‌లో కెమెరా చూశారు. ఆ రీడింగ్ రద్దయింది. పొద్దున వాన పడలేదు. పడలేదని తేలిపోయింది. పైనుంచి ఆర్డర్స్. వెంటనే రెండూ దించు!"

అసిరయ్య ఫోన్ చెవి దగ్గరే ఉంచుకొని చక్రం మరి పన్నెండు చుట్లు తిప్పాడు. రెండో గేటు పూర్తిగా లేచింది. అప్పుడు హ్యాండిల్ ఊడదీశాడు. చెరువు లోతట్టు వైపు వంగి చెయ్యి వదిలాడు.

"బాబూ."

"చెప్పు. మూశావా?"

"సెయ్యి జారిపోనాది బాబూ. ఏండిల్ నీట్లో పడిపోనాది."

గట్టుమీద ఎవరో ఈల వేశారు. ఒక ముసలమ్మ "ఓలమ్మ, ఎంతలాగ జారిపోనాదో!" అంది. సాయంత్రానికి చెరువు నాలుగడుగులు దిగింది. గట్టు నిలిచింది.

విచారణ అక్టోబరు నాలుగున మొదలైంది. విచారణాధికారి నరసింగరావు రాజధాని నుంచి వచ్చారు. ఆయన అంతకు ముందు పదహారు విచారణలు జరిపారు. ప్రతిదానిలోనూ బాధ్యుల్ని గుర్తించారు. బల్లకు అటువైపు హైమవతి కూర్చున్నారు.

"ఆ నీరు ఎక్కడిది?"

"వాన నీరు సార్."

"ఏ వాన?"

"ఆరోజు పడిన వాన."

"ఆరోజు వాన పడినట్లు రికార్డు ఏది?"

"నేను పోసిన రీడింగే సార్."

"అంటే మీరు పోయకముందు వాన లేదు. మీరు పోశాక ఉంది. రాసుకోండి" అని ఆయన గుమాస్తాకు చెప్పారు.

"సార్, నేను పోసింది రెండు లీటర్ల చిల్లర. చెరువు నిండింది రెండు లీటర్లతో కాదు."

"పరిమాణం సాంకేతిక అంశం. నేను బాధ్యత నిర్ధారించడానికి వచ్చాను."

హైమవతి మీద నివేదిక ముప్పై నాలుగు పేజీలు వచ్చింది. ఈ సీజన్‌లో సీతన్నపేట మండల వర్షమాపకంలోకి చేరిన నీరు 118.4 మిల్లీమీటర్లు మాత్రమేనని, సదరు నీటికి హైమవతి తప్ప వేరే మూలం లేదని అందులో తేల్చారు. కనుక మండలంలో కురిసిన ఏకైక వానకు ఆమె బాధ్యురాలు. కనుక నాలుగువేల ఎకరాల వరి మునకకూ, ఆరు కిలోమీటర్ల రోడ్డు కోతకూ, తహసీల్దార్ గది కప్పు కారడానికీ ఆమె బాధ్యురాలు. పై అధికారుల అనుమతి లేకుండా కృత్రిమ వర్షం కురిపించడం ప్రవర్తనా నియమావళికి విరుద్ధం. పరికరం తడిసినందున మండలం ర్యాంకు ఒకటి నుంచి ముప్పై ఎనిమిదికి పడిపోయింది. దీన్ని నివేదిక తీవ్ర నష్టంగా పేర్కొంది. నష్టాల వరుసలో దీన్నే మొదట రాశారు.

గొర్లె సూరమ్మ కార్యాలయానికి వచ్చి ఈ సంగతి విని హైమవతి దగ్గర కూర్చుంది.

"మా మడి ముంచింది నువ్వేనటకదమ్మా?"

"అలాగే రాశారు సూరమ్మా."

"మరింత వాన నీ సేతిలో ఉంటే, వైశాకంలో ఓ రెండు జల్లులు కురిపించలేకపోనావా? దుక్కికి పనికొచ్చును."

సూరమ్మ నవ్వులాటకు అడిగింది. పది రోజులకు వానలు లేని ఒక జిల్లా నుంచి అదే మాట లెటర్‌హెడ్ మీద వచ్చింది. వర్షం కురిపించడంలో సదరు ఉద్యోగినికి గల అనుభవం దృష్ట్యా ఆమెను ఆరు నెలలపాటు డిప్యుటేషన్ మీద పంపగలరని అక్కడి కార్యాలయం కోరింది. సీతన్నపేట నుంచి జవాబు పోయింది. ఆమె ప్రస్తుతం సస్పెన్షన్‌లో ఉన్నారని, అది ముగిసేదాకా కురిపించే అధికారం ఆమెకు లేదని రాశారు.

ఇక మిగిలింది అసిరయ్య. నరసింగరావు అతన్ని చెరువు గట్టుమీదే విచారించారు. జీపు గట్టు మొదట్లో దిగబడితే మిగతా దూరం నడిచి వచ్చారు. వెంట చక్రధరరావు గొడుగు పట్టారు, వెనక గుమాస్తా నడిచాడు. నీరు గేట్ల దగ్గర తొమ్మిదడుగులుంది. రెండు గేట్లలోంచి మిగులు నీరు గెడ్డలోకి పోతోంది. వాటిని దించడానికి హ్యాండిల్ లేదు. కొత్త హ్యాండిల్ మంజూరు కావాలంటే పాతది పోయిందని ధ్రువీకరించాలి. పోయిందని ధ్రువీకరించాలంటే వెతకాలి.

"హ్యాండిల్ ఎక్కడ పడింది?" అని నరసింగరావు అడిగారు.

"అదిగో బాబూ, గేటుకి బారెడు ఇవతల. నీట్లో."

నరసింగరావు ఫైలు తెరిచారు. "నీట్లో అని ఎలా చెబుతావు? సెప్టెంబరు ఆరు నాటి నిపుణుల నివేదిక ప్రకారం ఈ చెరువు ఎండిపోయింది. నీటి నిల్వ శూన్యం అని సంతకం ఉంది. మండలం ఇప్పటికీ కరువు మండలమే. ఎండిన చెరువులో ఇనుప వస్తువు పడితే నేలమీద కనిపించాలి. కనిపించడం లేదంటే నువ్వు దాచావు."

"దాయనేదు బాబూ. ఆ అడుగునే ఉన్నాది."

"అయితే నడిచి వెళ్లి తీసుకురా. నా ఎదుట. ఇప్పుడే."

అసిరయ్య చెరువు వైపు చూశాడు. తర్వాత ఊరి వైపు చూశాడు. ఇళ్ల మీద పొగ లేస్తోంది. నాలుగో గడప ముందు తాడుకు చంటిపిల్ల గుడ్డలు ఆరేసి ఉన్నాయి. వానకు తడుస్తున్నాయి. ఎవరూ తీయలేదు.

అతను చెప్పులు విడిచి ఒక పక్కన పెట్టాడు. పంచె ఎగగట్టాడు. రెండడుగులు దిగి ఆగాడు.

"బాబూ, నాను దొంగనని రాసినారు కద. నానొక్కడినే ఎల్లి ఏండిల్ దొరకనేదంటే మల్లా నమ్మరు. మీరూ రండి. సాచ్చికం మీరే."

నరసింగరావు నీటి అంచు దాకా వచ్చారు. బూట్లకు నీరు తగిలింది. ఒకడుగు వెనక్కి వేశారు.

"ఎంత లోతుంటుంది ఇక్కడ?"

"రికార్డు పెకారం లోతు నేదు బాబూ. ఎల్లండి."

నరసింగరావు చక్రధరరావు వైపు చూశారు. చక్రధరరావు గొడుగు వైపు చూశారు. వాన పడుతూనే ఉంది. నరసింగరావు ఫైలు మూసి గుమాస్తాకు ఇచ్చారు.

"రాసుకోండి" అన్నారు. "నీరు లేనందున గాలింపుకు వీలు పడలేదు. వానలు పడి చెరువు నిండాక గాలింపు చేపట్టాలి. అంతవరకు గేట్లు ఉన్నవి ఉన్నట్లే ఉంచాలి."

అసిరయ్య గట్టెక్కి చెప్పులు తొడుక్కున్నాడు. "సిత్తం బాబూ" అన్నాడు. "నిండినప్పుడు కబురు సేత్తాను."